సెగారా జనాభా ఒకటి

రిటైరైన మగాడు ఇంట్లో ఉంటే వంటింట్లో గిన్నెల మూతలన్నీ తీసి చూస్తుంటాడు. అందుకని రాజ్యం తన మొగుణ్ణి గుంటూరు బ్రాడీపేటలో ఉద్యోగానికి తోలింది. మొగుడి పేరు పిచ్చయ్య. ముప్పై అయిదేళ్ళు సర్వే శాఖలో గొలుసు పట్టించి పొలాలు కొలిచి, వినుకొండ మండల సర్వేయరుగా దిగిపోయిన మనిషి. ఆయనకు జావా దీవిలో ఒక సముద్రపొడ్డు మండలం అప్పజెప్పారు. నవ్వకండి, నిజంగానే అప్పజెప్పారు.

ఆఫీసు అనిల్ కుమార్ అనే కుర్ర ఇంజినీరుది. కింద రెండంతస్తులూ నీట్ కోచింగు, పైన వీళ్ళు. ఎక్కడెక్కడి దేశాల మ్యాపులూ కంప్యూటర్లోకి వస్తాయి. ఆకాశం నుంచి తీసిన ఫోటో పక్కన పెట్టుకుని, హద్దులు సరిగా ఉన్నాయో లేవో చూసి, టిక్కు పెట్టి పంపాలి. ఆ మ్యాపులు తెప్పించుకునేది సింగపూర్‌లో ఒక కంపెనీ. ఆ కంపెనీ జాబితాలో ఏ ఊరి పేరుంటే ఆ ఊరి ఫోన్లకు ఉప్పెన వస్తోందనీ, వరద వస్తోందనీ ముందుగా హెచ్చరిక పోతుంది. పేరు లేకపోతే పోదు. అంతవరకూ అనిల్ కుమార్ మొదటి రోజే చెప్పాడు. చెప్పి, మర్చిపోయాడు. పిచ్చయ్య మర్చిపోలేదు.

మండలం పేరు కరంగ్‌లావుత్. మండలం అని మనం అనుకోవాలి గానీ అక్కడి మాట కెచమాతాన్. దాని మీద తహసీల్దారు లాంటివాడు ఒకడుంటాడు, చమత్ అంటారు. నగరాన్ని మండలాలుగా, మండలాన్ని వార్డులుగా, వార్డును వీధులుగా కోసుకుంటూ పోయి, చివరికి ముప్పై నలభై ఇళ్ళకు ఒక పెద్దను పెట్టారు. ఆ పెద్దను ఆర్‌టీ అంటారు. మూడు రోజుల్లో పిచ్చయ్య ఇదంతా నోటికి పట్టేశాడు.

"ఏముంది అబ్బాయ్ ఇందులో? ఎక్కడైనా ఇంతే," అన్నాడు అనిల్ కుమార్‌తో. "పైనోడు కిందోణ్ణి అడుగుతాడు. కిందోడు చెట్టు కింద కూచుని నోటికొచ్చింది రాస్తాడు. పేర్లే మార్పు."

మిగతావాళ్ళు మౌసుతో గీత గీసి ఊరుకునేవాళ్ళు. ఈయన నోటుపుస్తకంలో దస్తావేజుకు రాసినట్టు చెక్కుబందీ రాసుకునేవాడు. కరంగ్‌లావుత్‌కు తూర్పు: ఏటి మొగ. దక్షిణం: రైలు కట్ట. పడమర: ఓడరేవు గోడ. ఉత్తరం: సముద్రం. నాలుగో హద్దు దగ్గర కలం ఆగింది. కాగితాల మీద మండలం పదకొండు చదరపు కిలోమీటర్లు. ఫోటోలో కొలిస్తే తొమ్మిదిన్నర. తగ్గిన ఒకటిన్నర ఏమైంది? పక్క పొలం రైతు గట్టు జరిపాడంటే అర్థముంది. ఇక్కడ పక్క పొలం రైతు సముద్రుడాయె, నోటీసు ఎవడిస్తాడు?

తర్వాత తెలిసింది, నేలే కుంగుతోందట. ఫ్యాక్టరీలూ ఇళ్ళూ పోటీలు పడి బోర్లు వేసి లోపలి నీళ్ళన్నీ తోడేశారు. అడుగు డొల్లయి నేల ఏటా బెత్తెడు దిగుతోంది, సముద్రం బెత్తెడు ఎక్కుతోంది. బోర్ల సంగతి పల్నాడు వాడికి ఒకరు చెప్పాలా? పిచ్చయ్య "ఊఁ" అన్నాడు.

ఏడు వార్డుల్లో ఆరు బాగానే తేలాయి. ఏడోది ఉత్తరాన, సముద్రం పక్కనే. పేరు సెగారా. దాంట్లో నూటికి తొంభైమూడు పాళ్ళు నీళ్ళే. నీళ్ళలోంచి పైకప్పులు, ఒక మసీదు గుమ్మటం, సన్నటి చెక్కవంతెన ఒకటి కనపడుతున్నాయి. మనుషులు లేరు. బండ్లు లేవు. పడవలూ లేవు. ఇలాంటి వాటికి కంపెనీవాళ్ళ రూలు స్పష్టంగా ఉంది: తొంభై పాళ్ళు నీళ్ళుండి, మనుషుల జాడ కనపడకపోతే "నివాసం లేదు" అని టిక్కు పెట్టాలి. ఒక టిక్కు అప్పటికే ఏదో వేరే ఊరి ఆఫీసువాళ్ళు పెట్టేశారు. రెండో టిక్కు పిచ్చయ్యది. రెండూ పడితే సెగారాను పక్క వార్డులో కలిపేసి, పేరు జాబితాలోంచి తీసేస్తారు. శనివారం సాయంత్రం అయిదింటికి గడువు.

బుధవారం నుంచీ పిచ్చయ్య ఆ టిక్కు పెట్టలేదు.

"బాబాయ్ గారూ, ఒక్క క్లిక్కండీ," అన్నాడు అనిల్ కుమార్. "నీళ్ళు కనపడుతున్నాయిగా?"

"నీళ్ళు కనపడుతున్నాయి. మనుషులు లేరని ఎట్లా తెలిసింది?"

"కనపడట్లేదు కదండీ."

"కనపడకపోవటం వేరు, లేకపోవటం వేరు. ఆ తేడా తెలుసుకోటానికి నాకు నాలుగేళ్ళు పట్టింది."

ఆ నాలుగేళ్ళ సంగతి చెప్పకపోతే ఈయన మొండితనం మీకు అర్థం కాదు. చెప్పుకుంటే సిగ్గుచేటే గానీ, చెప్పాలి.

తొంభైలో, జనాభా లెక్కల ముందు, పిచ్చయ్యను శివారు పల్లెలు చూసి రమ్మన్నారు. అప్పటికి ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కాలేదు. ఫిబ్రవరి ఆఖరు, ఎండ మాడ్చేస్తోంది. వినుకొండకు అయిదు కోసుల అవతల ఎర్రగుంటపాలెం అని నలభై కొంపల పల్లె. సైకిలు మీద వెళ్ళాడు. ప్రతి తలుపుకూ తాళం, తాళం లేని తలుపుకు తాడు. కోడి లేదు, కుక్క లేదు. సైకిలు దిగకుండా, ఒక కాలు నేల మీద ఆనించి, "ఎవరన్నా ఉన్నారా?" అని మూడుసార్లు పిలిచాడు. మూడుసార్లు పిలవాలని రూలు. తర్వాత రిజిస్టరు తీసి, "బేచిరాకు" అని రాశాడు. అంటే దీపం పెట్టే దిక్కులేని ఊరు, మనుషులు లేని ఊరు అని రెవెన్యూ వాళ్ళ మాట.

ఫిబ్రవరిలో మిరపకోతలని గుంటూరు జిల్లాలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. కూలిజనం పిల్లాజెల్లా, కోళ్ళతో కుక్కలతో సహా కోతలకు వలసపోతారు, ఉగాది నాటికి తిరిగొస్తారు. ఈ మహానుభావుడికీ తెలుసు. ఆ పూట ఎండకు తట్టలేదు, అంతే.

ఊరు తిరిగొచ్చేసరికి ఊరు లేదు. రేషను ఆగింది. మంజూరైన బోరింగు వేరే పల్లెకు పోయింది. మండలాఫీసుకు ఒక పిల్ల వచ్చింది, పదో తరగతి చదివింది, నోరున్న పిల్ల. పిచ్చయ్య బల్ల ముందు నిలబడి, "నేను లేనంటగా! మరి నీ ముందర నిలబడింది ఎవరు?" అని అడిగింది. ఆ పిల్లే రాజ్యం.

వాళ్ళమ్మ పుల్లమ్మకు మోకాళ్ళు పట్టేసి ఆ ఏడు కోతలకు పోలేదు. పిచ్చయ్య పిలిచినప్పుడు ఆవిడ ఇంట్లో మంచం మీదే ఉంది. "ఉన్నానయ్యా," అని పలికిందట. సైకిలు దిగితే వినపడేది. ఆవిడకొచ్చే ముసలి పింఛను ఆగిపోయింది. "మా అమ్మ ఉందని ఒక్క కాగితం రాసియ్యి, చాలు," అని రాజ్యం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. "నేను రాయకూడదు, పై నుంచి రావాలి," అని పిచ్చయ్య ఎన్నిసార్లన్నాడో అదీ లెక్కలేదు. మూడో ఏట పుల్లమ్మ పోయింది. లేని ఊళ్ళో చావు రిజిస్టరు చెయ్యటం కుదరదన్నారు. నాలుగో ఏట పై నుంచి కాగితం వచ్చి ఊరు మళ్ళీ రికార్డుకెక్కింది. అప్పటికి రాజ్యం ఆ ఫైలు కోసం తిరగ్గా తిరగ్గా పిచ్చయ్య మనసు కాస్తా అటు పోయింది, పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. ఎందుకొప్పుకున్నావని ఎవరన్నా అడిగితే, "ఈణ్ణి ఊరికే వదిలిపెట్టగూడదని," అంటుంది రాజ్యం. అన్నట్టే ముప్పై ఏళ్ళుగా వదిలిపెట్టలేదు. పప్పులో ఉప్పెక్కువైందన్నా, "ఊరునే లేపేసినోడివి, నువ్వు నాకు ఉప్పు సంగతి చెప్తావా," అంటుంది. నవ్వుతూనే అంటుంది.

గురువారం మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చి, పిచ్చయ్య సెగారా సంగతి చెప్పాడు. రాజ్యం గోంగూర వడ్డిస్తూ విన్నది.

"దిగి చూశావా?" అంది.

"ఏంటే దిగేది? అది జావాలో ఉంది."

"అప్పుడు వినుకొండలోనే ఉంది, అయినా దిగలా."

పిచ్చయ్య తిని, చెయ్యి కడుక్కుని, ఆఫీసుకు పోయి ఫోటోలోకి దిగాడు. దిగటమంటే ఏమీ లేదు, పెద్దది చేసుకుంటూ పోవడమే. మూడు రోజుల తేడాతో తీసిన ఫోటోలు రెండున్నాయి. చెక్కవంతెన పక్కన ఎత్తుగా కట్టిన తడికలు, వాటి మీద తెల్లగా ఏదో పరిచి ఉంది. మొదటి ఫోటోలో తెల్లది ఎడమ తడికల మీదుంది. రెండోదాంట్లో ఎడమవి ఖాళీ, కుడివి నిండుగా ఉన్నాయి. పిచ్చయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కల్లం! కల్లంలో మిరపకాయ పొద్దున్నే పరవాలి, ఎండెక్కాక తిరగెయ్యాలి, పొద్దు వాలితే కుప్ప చేసి పట్టా కప్పాలి. ఎండబెట్టిన సరుకు తనంతట తాను లేచి అవతలి తడిక మీదికి పోదు. ఎవడో ఒకడు ఉండి తియ్యాలి. సముద్రపొడ్డున ఎండేవి చేపలే అయ్యుంటాయి, అయితే మాత్రం ఏం? పడవలు లేవంటే వేటకు పోయాయి. మన కోతలు ఎట్లాగో వాళ్ళ వేట అట్లా.

అనిల్ కుమార్ మంచివాడే, ఈ సంగతంతా ఇంగ్లీషులో రాసి కంపెనీకి పంపాడు. శుక్రవారం జవాబొచ్చింది: "ఎండు చేపలు నివాసానికి ఆధారం కావు. గడువు మారదు."

"అయిపోయింది బాబాయ్ గారూ. మనం చెయ్యాల్సింది చేశాం," అన్నాడు అనిల్ కుమార్. "ఇంకా పట్టుకు కూర్చుంటే, ఈ పని మన ఆఫీసు నుంచి తీసేసుకుంటారు. మీ పేరు తీసేసి ఇంకొకళ్ళ చేత టిక్కు పెట్టిస్తా, ఏమనుకోకండి."

"రేపు అయిదు దాకా నా పేరే ఉండనీ."

ఆరేళ్ళ కిందట ఎవరో సెగారాలో ఒక వీధిలో నడుస్తూ తీసిన ఫోటోలు కొన్ని ఇంటర్నెట్‌లో దొరికాయి. అప్పటికింకా ఆ వీధుండేది. ఒక నీలం గేటు మీద బోర్డు, బోర్డు మీద ఆర్‌టీ పెద్ద అని హోదా, పక్కన ఫోను నంబరు. పిచ్చయ్య దాన్ని కాగితం మీద రాసుకున్నాడు. నంబరుంది సరే, మాట్లాడేదెవరు? పిచ్చయ్యకు తెలుగు, అంతంతమాత్రం ఇంగ్లీషు. అప్పుడు గౌస్ బాషా గుర్తొచ్చాడు.

గౌస్ బాషా వీళ్ళ వీధిలోనే ఉంటాడు. మిర్చి ఎగుమతి చేసే షావుకారు దగ్గర పాతికేళ్ళు పనిచేసి, కంటైనర్ల వెంట జావాకు పది పన్నెండు సార్లు వెళ్ళొచ్చాడు. వాళ్ళ భాష వచ్చని చెప్పుకుంటాడు. వచ్చు కూడా, కాకపోతే మిర్చికి సరిపడా వచ్చు. సరుకు, స్టాకు, తడి, పొడి, బాగుంది, కుళ్ళింది, ఇంకా ఉందా, అయిపోయిందా. అంతకు మించి ఆయనకెప్పుడూ అవసరం పడలేదు.

శనివారం పదింటికి ఆఫీసులో అనిల్ కుమార్‌తో కలిసి ముగ్గురూ ఫోను మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. అక్కడప్పుడు పదకొండున్నర. రెండుసార్లు మోగి ఆగిపోయింది.

"ఇంకోసారి," అన్నాడు పిచ్చయ్య.

మూడోసారి ఎవరో ఆడమనిషి ఎత్తింది. గౌస్ బాషా గొంతు సవరించుకుని సలాము చెప్పి, తనకు చేతనైనట్టు అడిగాడు. అడిగింది తెలుగులో చెప్పుకుంటే ఇట్లా ఉంటుంది: "సెగారాలో మనుషుల స్టాకు ఇంకా ఉందా, అయిపోయిందా?"

ఆవిడ అదే ప్రశ్న మళ్ళీ అడిగించుకుంది. తర్వాత ఒకే ముక్క అంది. "మసిహ్ అదా."

"ఇంకా ఉన్నారంట," అన్నాడు గౌస్ బాషా.

పిచ్చయ్య ఫోను మీదికి వంగాడు. "ఎట్లా ఉన్నారో అడుగు."

గౌస్ బాషా అడిగాడు. అడిగి విని, "తడిసింది గానీ కుళ్ళలేదు అంటంది సర్వేయరు గారూ," అన్నాడు. తర్వాత మెల్లిమెల్లిగా మిగతాది కూడా తెలిసింది. ఆవిడ పేరు సులాస్త్రి. ఆ వీధికి ఆవిడే పెద్ద. వార్డంతా కలిపి రెండొందల పద్నాలుగు ఇళ్ళవాళ్ళు ఉన్నారు, ఇంట్లో నేలను మూడుసార్లు ఎత్తు చేసుకుని, కప్పు తగలకుండా తల వంచుకుని తిరుగుతూ ఉన్నారు. మగాళ్ళు తెల్లారకముందే వేటకు పోతారు, ఆడవాళ్ళు రేకుల కింద కూర్చుని చేపలు కోస్తారు, అందుకే ఆకాశం నుంచి చూస్తే ఎవరూ కనపడరు. అంతా చెప్పి, "మేము లేమని ఎవరన్నారు?" అని అడిగింది.

ఏమని చెప్పను అన్నట్టు గౌస్ బాషా పిచ్చయ్య వైపు చూశాడు.

"ఎవరూ అనలేదని చెప్పు," అన్నాడు పిచ్చయ్య. వెంటనే, "వద్దు. ఒకాయన ఇప్పటికే రాశాడు, రెండోవాణ్ణి నేనని చెప్పు. నేను రాయనని చెప్పు," అన్నాడు.

రాయకపోవటం తేలికే, రాయటం దగ్గరే చిక్కొచ్చింది. "నివాసం ఉంది" అని నొక్కగానే కంప్యూటరు ఇంకో గడి తెరిచింది: నిర్ధారించిన మనుషుల సంఖ్య. ఆధారం: ఫోటో, ఫోను, ఇతరములు.

"రెండొందల ఇళ్ళన్నదిగా. ఎనిమిదొందలు కొట్టండి," అన్నాడు అనిల్ కుమార్.

"నేను ఎనిమిదొందల మందిని విన్నానా?"

"అది కాదండీ..."

"చూడకుండా రాసింది ఒకసారి చాలు అబ్బాయ్. నేను విన్నది ఒక్క గొంతు."

ఆధారం: ఫోను. సంఖ్య: 1. నాలుగూ నలభైకి పిచ్చయ్య మీట నొక్కాడు. సున్నా కాదు గనుక కంప్యూటరుకు అభ్యంతరం లేకపోయింది. ఇద్దరి టిక్కులూ కలవలేదు గనుక సెగారాను జాబితాలో ఏడాదిపాటు ఉంచి, వచ్చే ఏడు మళ్ళీ చూడాలని కంపెనీ రూలట, అట్లాగే ఉంచారు. కరంగ్‌లావుత్ మండలం, సెగారా వార్డు, జనాభా ఒకటి. వానొచ్చినా వరదొచ్చినా ఆ ఒకటి కోసం హెచ్చరిక పోతుంది. ఎనిమిదొందల మందీ వింటారు.

ఇక్కడితో అయిపోయిందని పిచ్చయ్య అనుకున్నాడు. సోమవారం పొద్దున గౌస్ బాషా ఇంటికొచ్చాడు. పిచ్చయ్య వరండాలో పేపరు చదువుతున్నాడు, రాజ్యం పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఆవిడే ఫోను చేసింది సర్వేయరు గారూ. ఈసారి కూతురి చేత ఇంగ్లీషులో మాట్లాడించింది," అన్నాడు గౌస్ బాషా. "గురువారం వాళ్ళ చమత్ ఆఫీసులో మీటింగంట. వార్డును పక్కదాంట్లో కలిపేద్దామని వాళ్ళ సర్కారు కూడా చూస్తందంట. మనుషులు ఉన్నారని వీళ్ళు ఎంత మొత్తుకున్నా కాగితం చూపించమంటన్నారంట. వార్డు ఆఫీసేమో మునిగిపోయింది, కాగితం ఇచ్చే దిక్కులేదు. మేము ఉన్నామని మీరు రాశారంటగా, అదే ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపుతారా అని అడుగుతంది."

"నేనా? నేనెవణ్ణి? గుంటూరు నుంచి రిటైరైన సర్వేయరు రాస్తే అక్కడ ఎవడికి చెల్లుద్ది?"

"చెల్లకపోతే చెల్లకపోనీమంది. మీటింగులో చేతిలో ఏదో ఒకటి ఉండాలంట."

పిచ్చయ్య రాజ్యం వైపు చూడలేదు. లేచి లోపలికి పోయి తెల్లకాగితం తెచ్చుకుని, కళ్ళజోడు తుడుచుకుని, బల్ల ముందు కూర్చున్నాడు. పైన తెలుగులో, కింద తనకొచ్చిన ఇంగ్లీషులో రాశాడు. కరంగ్‌లావుత్ మండలం, సెగారా వార్డునకు చెక్కుబందీ: తూర్పు ఏటి మొగ, దక్షిణం పాత బజారు, పడమర ఓడరేవు గోడ, ఉత్తరం సముద్రం. ఈ హద్దుల మధ్యన శ్రీమతి సులాస్త్రి గారు నివసించుచున్నారనియు, సదరు వార్డు బేచిరాకు కాదనియు, నేను స్వయముగా విచారించి ధ్రువీకరించడమైనది. కింద సంతకం పెట్టి, పేరు రాసి, విశ్రాంత మండల సర్వేయరు అని రాశాడు. ముద్ర లేదు. తేదీ వేశాడు.

గౌస్ బాషా ఫోటో తీసుకోబోతుంటే రాజ్యం చెయ్యి చాచింది. "ఇటియ్యి, చూద్దాం," అంది. ఒడిలో చిక్కుడు తొక్కలు అలాగే ఉన్నాయి. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్నట్టు చదివింది. ఆఖరిదాకా చదివి, మళ్ళీ మొదటికొచ్చింది. ఎగతాళి చేస్తుందని పిచ్చయ్య కాచుకున్నాడు.

"ఎంతసేపు పట్టింది ఇది రాయటానికి?" అంది.

పిచ్చయ్య గోడ గడియారం వైపు చూశాడు. అబద్ధం చెప్పటానికి నోరు రాలేదు.

"పది నిమిషాలు," అన్నాడు.

రాజ్యం కాగితం గౌస్ బాషాకు ఇచ్చేసింది. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో వాళ్ళమ్మ ఊసెత్తి మొగుణ్ణి ఎన్నో అన్నది గానీ, ఆయన ముందు ఎప్పుడూ ఏడవలేదు. ఆ రోజు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, చిక్కుడుకాయల ముందు కూర్చుని ఏడ్చింది. పిచ్చయ్య కుర్చీ దిగి, ఆవిడ పక్కన కింద కూర్చున్నాడు.